వోల్టేజి రాని బిళ్ళ

ప్రశ్న: కోబాల్ట్ ఫెర్రైట్, బేరియం టైటనేట్ పొడులు సమాన బరువుల్లో కలిపి కాల్చిన బిళ్ళకు అయస్కాంత క్షేత్రం ఇస్తే వోల్టేజి దాదాపు సున్నా. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోలో ఫెర్రైట్ 60 శాతం దాటి కనిపిస్తోంది. తప్పెక్కడ?

జవాబు: ఈ బిళ్ళలో అయస్కాంత క్షేత్రానికి ఫెర్రైట్ ఆకారం కాస్త మారుతుంది, ఆ ఒత్తిడికి బేరియం టైటనేట్ వోల్టేజి ఇవ్వాలి. అది రావట్లేదంటే ముందు ఆ పాళ్ళనే అనుమానించండి. ఫెర్రైట్ మంచి ఇన్సులేటర్ కాదు. దాని రేణువులు ఒకదానికొకటి తగిలి దారి కడితే పోలింగ్ వోల్టేజి (బేరియం టైటనేట్‌లోని విద్యుత్ ధ్రువాలను ఒకే దిశకు తిప్పడానికి ఇచ్చేది) అందులోంచే లీకవుతుంది, బేరియం టైటనేట్ పోల్ కాదు. ఫెర్రైట్‌ను 20-30 శాతానికి దించండి. సిలికాన్ నూనెలో బిళ్ళను బేరియం టైటనేట్ ధ్రువాలు చెదిరిపోయే 120 డిగ్రీల క్యూరీ ఉష్ణోగ్రత కాస్త దాటించి, వోల్టేజి ఉంచే చల్లార్చండి. మధ్యలో తీసేస్తే శ్రమంతా వృథా.

కొలిచేటప్పుడు ఏసీ క్షేత్రం ఒక్కటే చాలదు. డీసీ బయాస్‌ను (ఏసీతోపాటు ఇచ్చే నిలకడైన అయస్కాంత క్షేత్రాన్ని) సున్నా నుంచి పెంచుతూ పోతే వోల్టేజి ఒకచోట గరిష్ఠానికి చేరి తగ్గుతుంది. వచ్చిన వోల్టేజి అసలైనదేనా? బయాస్ దిశను పూర్తిగా తిప్పి చూడండి. వోల్టేజి గుర్తు (ప్లస్, మైనస్) మారకపోతే అది వైర్ల లూప్‌లో పుట్టిన ప్రేరిత వోల్టేజే. వైర్లు మెలిపెట్టండి. చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఇక ఫొటో. ఫెర్రైట్ సాంద్రత తక్కువ కాబట్టి సమాన బరువుకే ఘనపరిమాణంలో సుమారు 53 శాతం వస్తుంది. మిగతాది రంధ్రాల పని. బ్యాక్‌స్కాటర్ ఫొటోలో (బరువైన మూలకాలు తెల్లగా కనిపించే మైక్రోస్కోప్ ఫొటో) బేరియం టైటనేట్ తెల్లగా, ఫెర్రైట్ బూడిద రంగులో, రంధ్రాలు నల్లగా ఉంటాయి. ఒకే హద్దుతో ఒట్సు పద్ధతి (తెలుపు, నలుపుల మధ్య హద్దును దానంతటదే ఎంచే లెక్క) వాడితే రంధ్రాలు కూడా ఫెర్రైట్ లెక్కలో పడతాయి. 3×3 మీడియన్ ఫిల్టర్ (ఫొటోలోని చిన్న మచ్చలు తుడిచేది) వేశాక, రెండు హద్దులతో మూడు తరగతులుగా విడగొట్టండి.