చిన్న రివాల్వర్, పెద్ద తన్ను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. టెక్సాస్‌లో ఫ్రిస్కో దగ్గర ఉంటాం, గ్రీన్‌కార్డు ఉంది. రాత్రి డ్యూటీ అయ్యాక ఒంటరిగా కారు దాకా నడవాలి. చిన్న రివాల్వర్ కొందామని షాపుకెళ్తే అన్నిటికన్నా తేలికైనది చేతిలో పెట్టారు. కాల్పుల సాధన చేసే రేంజ్‌లో అయిదు తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదలు కమిలిపోయింది. నా చేతులు చిన్నవి, పొద్దున్నే వేళ్ల కీళ్లు పట్టేస్తాయి. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: షాపువాళ్లు ఇచ్చింది మోసుకు తిరగడానికి హాయిగా ఉంటుంది. కాల్చినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. తూటా అదే, వేగం అదే అనుకుంటే తుపాకీ బరువు సగమైనప్పుడు వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది. స్మిత్ అండ్ వెసన్ 642 దాదాపు 410 గ్రాములు. ఉక్కుతో చేసిన రూగర్ ఎస్‌పీ101 ఏడొందల గ్రాముల పైమాటే. రెండింట్లో ఒకే .38 స్పెషల్ తూటా వేస్తే 642 ఒకటిన్నర రెట్లకు పైగా తంతుంది. అలాగని ఎస్‌పీ101 మీకు సరిపోతుందని కాదు. అంత బరువు రోజూ సంచీలో మోయలేక నెలకల్లా ఇంట్లో వదిలేసి వెళ్తారు.

మధ్యే మార్గం ఒకటుంది. రూగర్ ఎల్‌సీఆర్‌లో .38 రకం సుమారు 385 గ్రాములు. .357 మాగ్నమ్ రకానికి ఉక్కు ఫ్రేమ్ కాబట్టి 485 గ్రాములు. ఆ రెండోది కొని, అందులో .38 స్పెషల్ తూటాలే వాడండి. అంతకన్నా బలమైన .357 తూటాల జోలికి పోవద్దు. ఆ వంద గ్రాములు సంచీలో తెలియవు గానీ అరచేతికి బాగా తెలుస్తాయి.

తన్ను కన్నా మీకు పెద్ద చిక్కు ట్రిగ్గర్. తూటాను కొట్టే సుత్తి (హ్యామర్) లోపలే దాగి ఉండే ఈ చిన్న రివాల్వర్లలో ప్రతి తూటాకీ ట్రిగ్గర్‌ను మొదటి నుంచి చివరి దాకా లాగాలి. 642లో దానికి సుమారు 5 కిలోల బలం కావాలి. నాలుగు వందల గ్రాముల వస్తువు మీద 5 కిలోల లాగుడు అన్నమాట! గురి తప్పేది ఇక్కడే. ఎల్‌సీఆర్ ట్రిగ్గర్ కొంత మెత్తన, కీళ్ల నొప్పులున్న వేళ్లకు ఆ తేడా చిన్నది కాదు. ఒక హెచ్చరిక: కాల్చాక వేలిని పూర్తిగా ముందుకు వదలాలి. కంగారులో సగం వదిలి మళ్లీ లాగితే తూటా పేలదు, కొన్నిసార్లు తూటాలుండే సిలిండర్ బిగుసుకుపోతుంది.

పిడి సంగతి. తూటాలు తీసేసి, సిలిండర్ తెరిచి రెండుసార్లు చూసుకున్నాక మూసి పట్టుకోండి. గొట్టం మీ ముంజేతికి సూటిగా ఉండగా చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకు రావాలి. వేలి కొసే అందుతోందంటే పిడి మీకు పెద్దదన్నట్టే. మూడు వేళ్లూ పట్టే రబ్బరు పిడి తన్నును తగ్గిస్తుంది. కానీ అది వెనక వైపు ఫ్రేమ్‌ను కూడా కప్పేస్తే ట్రిగ్గర్ మరింత దూరమవుతుంది. మూడు వేళ్లకూ చోటుండి, వెనక ఫ్రేమ్ బయటికి కనబడే పిడి మీలాంటి చేతికి మేలు. పట్టు ఎంత పైకి ఉంటే గొట్టం మూతి అంత తక్కువ ఎగురుతుంది. రెండో చేతి వేళ్లు మాత్రం సిలిండర్ ముందుకు పోకూడదు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందులోంచి నిప్పూ సీసపు తునకలూ పక్కకు చిమ్ముతాయి.

తూటాలలో 148 గ్రెయిన్ల (సుమారు 9.6 గ్రాముల) వాడ్‌కట్టర్ అడగండి. ముందు భాగం చదునుగా, స్తంభంలా ఉంటుంది. మెల్లగా వెళ్తుంది, కాబట్టి తన్ను తక్కువ. రెండంగుళాల గొట్టంలోంచి వెళ్లే హాలోపాయింట్‌కు (మొన బోలుగా ఉండి, తగిలాక విచ్చుకునే తూటా) విచ్చుకునేంత వేగం చాలాసార్లు రాదు. దాని కోసం దెబ్బ తినడం దండగ. ప్లస్-పి (మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడితో పేలే రకం) అని రాసి ఉన్న పెట్టె ముట్టుకోవద్దు. వాడ్‌కట్టర్‌తో ఇబ్బంది మళ్లీ నింపేటప్పుడే, చదును మొహం రంధ్రం అంచుకు తగిలి ఆగుతుంది. అందుకని సిలిండర్‌లో వాడ్‌కట్టర్ ఉంచి, విడిగా పెట్టుకునేవి గుండ్రటి మొన ఉన్నవి తీసుకోండి.

కొనే ముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని 50 తూటాలు కాల్చండి. 15 అడుగుల దూరంలో కాగితం పళ్లెం పెట్టండి. సిలిండర్‌లోని అయిదు గదుల్లో మూడింట నిజం తూటాలు, రెండింట డమ్మీలు వేసి, సిలిండర్ తిప్పి మూయండి. డమ్మీ వచ్చినప్పుడు మూతి కిందికి వంగితే, దెబ్బ పడుతుందని చెయ్యి ముందే జడుస్తోందని అర్థం. యాభై అయ్యాక కూడా మరో అయిదు కాల్చాలనిపిస్తే ఆ తుపాకీ మీదే.

.38 పడనే పడకపోతే 2024లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ 432 అల్టిమేట్ క్యారీ చూడండి. తూటా .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్, అదే ఒడ్డూ పొడుగులో అయిదుకు బదులు ఆరు పడతాయి, తన్ను బాగా తక్కువ. ఇంకా మెత్తగా కావాలంటే అందులోనే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ కూడా కాల్చవచ్చు. తూటాలు అన్ని షాపుల్లోనూ దొరకవు, అదొక్కటే లోటు.

సంచీలో పెడితే దానికంటూ వేరే అర ఉండాలి, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (ఒర) ఉండాలి. తాళంచెవో, లిప్‌స్టిక్ గొట్టమో, పిన్నీసో ట్రిగ్గర్ సందులో దూరిందంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంట్లో 17 ఏళ్ల లోపు పిల్లలకు అందేలా పెట్టడం టెక్సాస్ చట్టంలో నేరం కూడా. డ్యూటీ చేసే చోట లోపలికి తేనిస్తారో లేదో ముందే కనుక్కోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68. పొలాల మధ్య ఇల్లు, లైసెన్స్ ఉంది. మధ్యకు విరిచి తెరిచే పాత .32 రివాల్వర్ ఇచ్చేసి కొత్తది తీసుకుంటామంటున్నారు. నిర్భీక్ మంచిదా, ప్రబల్ మంచిదా?
– గుంటూరు జిల్లా పాఠకుడు

జవాబు: రెండూ కాన్పూర్ ఆయుధ కర్మాగారాల రివాల్వర్లే, రెండూ .32. నిర్భీక్ 2014లో టైటానియం మిశ్రమంతో వచ్చింది. బరువు సుమారు 500 గ్రాములు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. ప్రబల్ 2023లో వచ్చింది. బరువు 700 గ్రాములు, గొట్టం 76 మిల్లీమీటర్లు. మన .32 తూటా అసలే మెత్తనిది. నిర్భీక్‌లో కాల్చినా చెయ్యి కమలదు. ఇంటి కాపలాకే అయితే బరువు భారం కాదు కాబట్టి మా ఓటు ప్రబల్‌కే. మూతి తక్కువ ఎగురుతుంది, రెండో గురి త్వరగా కుదురుతుంది.

తెరిచే పద్ధతిలోనూ తేడా ఉంది. పాతదీ నిర్భీకూ మధ్యకు విరిచినట్టు తెరుచుకుని కాల్చిన ఆరు తూటాల గుల్లల్నీ ఒకేసారి పైకి లేపుతాయి. ప్రబల్‌లో సిలిండర్ పక్కకు వస్తుంది, కడ్డీని అరచేత్తో గట్టిగా నొక్కాలి. మూతి ఆకాశం వైపు పెట్టి ఒక్క దెబ్బతో నొక్కాలి. మెల్లగా నొక్కితే ఒక గుల్ల నక్షత్రంలాంటి ఎత్తుడుబిళ్ల కిందికి జారి ఇరుక్కుంటుంది. నాన్నగారి చేత డమ్మీలతో ఇది చేయించి చూసి కొనండి.

పాతది ఇచ్చేసే ముందు దాన్నీ ఒకసారి చూడండి. ఖాళీ చేసి, మూసి, గొట్టం పట్టుకుని కిందికీ పైకీ కదపండి. మూసి పట్టే లాచ్ దగ్గర టక్కుమంటే అరిగిందన్నమాట. ట్రిగ్గర్ లాగి పట్టి సిలిండర్ తిప్పబోతే వెంట్రుకవాసి తప్ప కదలకూడదు. రెండూ బాగుంటే లక్ష పైన ఖర్చు దేనికి?

లైసెన్స్ ఆయనది కాబట్టి తుపాకీ మీరు వాడకూడదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదనీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాను. డాలస్‌లో స్నేహితుడి పేరు మీద కొని నా దగ్గర ఉంచుకోవచ్చా?

జవాబు: వద్దు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. వాటి మీద ఆధారపడే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. ఇంకొకరి కోసం తన పేరున కొంటే తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో అబద్ధం రాసినట్టే. కేసు మీ స్నేహితుడి మీదా పడుతుంది.

ప్రశ్న: రివాల్వర్‌లో తూటాలు నెలల తరబడి ఉంచితే స్ప్రింగ్ పాడవుతుందా?

జవాబు: కాదు. సిలిండర్‌లో తూటాలు ఊరికే కూర్చుంటాయి, వాటిని ఏ స్ప్రింగూ నొక్కి పట్టుకోదు. పాడుచేసేది నూనె. గదుల్లో నూనె కారేట్టు పూస్తే అది తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ అంచుల్లోంచి లోపలికి దిగి పేలకుండా చేయొచ్చు. గదులు పొడిగుడ్డతో తుడవండి, ఏడాదికోసారి ఆ తూటాలు రేంజ్‌లో కాల్చేసి కొత్తవి వేయండి.