మ్యూజిక్ క్లాసులో బాబు ఒళ్ళో నుంచి దిగట్లేదంటే మానేయక్కర్లేదండి

మీ ప్రశ్న చదవగానే నాలుగేళ్ల కిందటి మా శనివారం పొద్దున్నలు గుర్తొచ్చాయి. 18 నెలల బాబుని నాలుగు వారాల నుంచి మ్యూజిక్ క్లాసుకి తీసుకెళ్తున్నాం, మిగతా పిల్లలు గెంతుతుంటే వీడు ఒళ్ళో నుంచి దిగడు, పాడడు, గిలక్కాయ ఇస్తే నోట్లో పెట్టుకుంటాడు, డబ్బులు దండగేనా, కొన్నాళ్లు ఆగి డైరెక్ట్‌గా కర్ణాటక సంగీతంలో వేసేస్తే పోదా అని కదా అడిగారు. మాదీ న్యూజెర్సీనే, ఎడిసన్ వైపు. మా పాపకి 16 నెలలప్పుడు మొదలుపెట్టి నాలుగేళ్లు నిండేదాకా వెళ్లాం. మానేయొద్దు అనే చెప్తాను, ఎందుకో చెప్తా.

మొదటి అయిదారు వారాలు మా పాప కూడా అంతే. నా చున్నీ కొస గుప్పిట్లో పట్టుకుని టీచర్ నోటి వంకే చూస్తూ కూర్చునేది, కన్ను ఆర్పేది కాదు. నాకేమో పక్కవాళ్ల పిల్లలు చప్పట్లు కొడుతుంటే గుండెల్లో గుబులు, దీనికేమైనా ప్రాబ్లమా అని. దాని చెయ్యి పట్టుకుని నేనే గుడ్డు ఊపించేదాన్ని (ఆ చిన్న గుడ్డు ఆకారంలో గలగలలాడే షేకర్లు ఉంటాయి కదా అవి). ఓ రోజు టీచర్ మెల్లగా పక్కన కూర్చుని, తన చేతిని వదిలేయండి, మీ చేతిలోది మీరు వాయించండి, తను చూస్తుంది అంది. ఆ వారమే అనుకుంటా, సాయంత్రం స్నానం చేయిస్తుంటే ప్లాస్టిక్ మగ్గు తీసుకుని టబ్ అంచు మీద టక్ టక్ మని కొడుతూ క్లాసు చివర్లో పాడే బైబై పాట ఆఖరి స్వరం పట్టుకుంది. మాటలు లేవు, ఊరికే ఆ... అని, కానీ సరిగ్గా ఆ శృతిలోనే. నేను తడి చేతులతోనే మా ఆయన్ని కేకేసి పిలిచాను. తర్వాతి వారం టీచర్‌కి చెప్తే ఆవిడ ఆశ్చర్యపోలేదు, చాలామంది పిల్లలు క్లాసులో తీసుకుంటారు, ఇంట్లో బయట పెడతారు అంది. కాబట్టి మీరు చూడాల్సింది ఆ 45 నిమిషాలు కాదండి, మిగతా వారమంతా. స్నానం దగ్గర, కార్ సీట్లో, నిద్రపోయే ముందు వాడు చేసే కూనిరాగాలు వినండి.

ఇంకో సంగతి, ఈ క్లాసులు నిజానికి మనకోసం. మన న్యూజెర్సీ ప్రిన్స్‌టన్‌లోనే 1987లో మొదలైన మ్యూజిక్ టుగెదర్ పద్ధతి చూడండి, పసిపిల్లల నుంచి అయిదేళ్ల వాళ్ల దాకా అందర్నీ కలిపి కూర్చోబెడతారు, తల్లో తండ్రో తాతో ఎవరో ఒకరు పక్కన ఉండి పాడాల్సిందే, ఊరికే దింపేసి వెళ్లడం ఉండదు. ఆ వయసు పిల్లలు టీచర్ కంటే ముందు చూసేది తనకి ఇష్టమైన మనిషిని, అమ్మ పాడితే పాట అంటే మంచి విషయం అనుకుంటారు, అమ్మ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే అదే నేర్చుకుంటారు. నాకు గొంతు బాలేదు అని వెనక్కి తగ్గకండి. మా ఆయన జీవితంలో ఎప్పుడూ నలుగురిలో పాడిన మనిషి కాదు, ఒక సమ్మర్ నాకు శనివారం డ్యూటీలు పడితే తనే తీసుకెళ్లారు, ఇప్పటికీ పాప నిద్రకి అడిగేది ఆయన గొంతే.

కర్ణాటకం సంగతికి వస్తే, రెండూ పోటీ కాదు. నేను గుంటూరులో చిన్నప్పుడు నాలుగేళ్లు నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చి టెన్త్ క్లాసు పేరుతో ఆగిపోయింది. ఇక్కడ క్లాసులో ఒక రోజు ఏడు లెక్కలో ఒక పాట ఎత్తుకున్నారు, నా చెయ్యి దానంతటదే తకిట తకధిమి వేసేస్తోంది, మన ఏడు లెక్కల తాళం మిశ్రచాపే! ఇంకో దాంట్లో అయిదు లెక్క, అంటే ఖండచాపు. ఒక లాలి వింటుంటే మన ఖరహరప్రియ రాగం స్వరాలు, పాశ్చాత్య సంగీతంలో దాన్ని డోరియన్ అంటారట. పక్కన కూర్చున్న ఓ నాన్న ఆ ఏడు లెక్క దగ్గర పాపం మొదట్లో తడబడేవాడు, వాళ్ల రెండేళ్ల పిల్లాడు మాత్రం హాయిగా ఊగుతూనే ఉన్నాడు, వాడికి అది కష్టమని ఎవరూ చెప్పలేదు మరి. ఇలాంటి లెక్కలకీ స్వరాలకీ చెవి ఇప్పుడే అలవాటు పడాలి. సరళీస్వరాలు (కర్ణాటకంలో మొట్టమొదటి పాఠాలు) అంటే కూర్చుని, చెప్పింది అప్పజెప్పి, ఆదితాళం ఎనిమిది లెక్కలు చేత్తో వేస్తూ పాడాలి, అది 18 నెలల పిల్లాడి పని కాదు. మా దగ్గరి గురువుగారు అయిదు నిండాకే తీసుకుంటారు. మా పాప ఈ ఏడాదే చేరింది, తాళం దగ్గర అసలు ఇబ్బంది పడలేదు.

మా అమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు, గిలకలు ఊపడానికి ఇన్ని డాలర్లా అని ముందు చాలా బాధపడింది. ఓ శనివారం తననే తీసుకెళ్లాను. బూట్లు విప్పి కింద వలయంగా కూర్చోవడం, పేరు పేరునా ప్రతి పిల్లకీ హలో పాడటం, మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని గుర్రంలా ఎగరేయడం, ఇవన్నీ చూసి నా చెవిలో, ఇవి మనం చేసేవేగా అంది. నిజమే, తారంగం ఆడించడం, కాళ్ల మీద ఊయల ఊపడం, చెమ్మచెక్క, మన ఇళ్లల్లో ఉన్నవే. చివర్లో లైట్లు తగ్గించి లాలిపాట పాడే టైమ్‌లో టీచర్, మీ ఊళ్లో ఏం పాడతారు అని అమ్మనడిగింది. అమ్మ సిగ్గుపడుతూనే వాళ్లమ్మ దగ్గర విన్న జోలపాట ఎత్తుకుంది. ఒక్క ముక్క తెలుగు రాని పది కుటుంబాలు ఆ జోజో అనే చోట మెల్లగా గొంతు కలిపాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఇండియా వెళ్లేలోపు ఆ పాటలన్నీ ఫోన్లో రికార్డ్ చేసి పెట్టుకున్నాను, మీ అమ్మగారో అత్తగారో ఉంటే మీరూ ఈ పని తప్పకుండా చేయండి, క్లాసు కంటే విలువైనది అది.

అన్ని క్లాసులూ ఒకేలా ఉండవు, అది కూడా నిజం. మేం మొదట ఇంకో చోట చేరాం, పేరెందుకులెండి, అక్కడ పాప లేచి తిరిగితే కూర్చోబెట్టండి కూర్చోబెట్టండి అనేవాళ్లు, మూడు వారాలకే మానేశాం. పిల్లలు తిరిగినా, గోడవైపు తిరిగి నిలబడినా ఊరుకునే చోటు కావాలి. నోట్లో పెట్టుకోవడం గురించి అస్సలు సిగ్గుపడకండి, మా క్లాసులో నోట్లో పెట్టిన వాటికి విడిగా ఒక బుట్టే ఉండేది, తర్వాత కడిగేవాళ్లు. టైమ్ కూడా చూసుకోండి, మీ వాడు నిద్రపోయే వేళకి క్లాసు పెట్టుకుంటే ఏ పిల్లాడైనా ఒళ్ళో నుంచి దిగడు. ఇంకోటి, వాట్సాప్ కాల్‌లో తాతయ్యకి పాడి చూపించు చూపించు అని అడక్కండి, మేం అడిగిన రోజుల్లో మా పాప ఇంట్లో పాడటం కూడా తగ్గించేసింది, అలా అడగడం మానేశాక మళ్లీ మొదలైంది. ఇంట్లో కూడా పిలిస్తే తిరగడు, చప్పుళ్లకి పలకడు అనిపిస్తే మాత్రం అది సంగీతం విషయం కాదు, పీడియాట్రిషన్‌కి చెప్పి వినికిడి టెస్ట్ చేయించండి, ఆలస్యం చేయొద్దు.

డబ్బులు భారం అనిపిస్తే ఈ సెమిస్టర్ మిగిలిన వారాలు పూర్తిచేసి (కట్టేశారు కదా ఎలాగూ), తర్వాత మీ టౌన్ పబ్లిక్ లైబ్రరీలో పసిపిల్లల స్టోరీ టైమ్ ఉందేమో కనుక్కోండి, చాలాచోట్ల ఫ్రీనే, పాటలు చప్పట్లు అన్నీ ఉంటాయి. మేం చలికాలంలో మధ్యలో ఒక సెమిస్టర్ అలాగే నడిపాం. ఈ శనివారం మాత్రం వాణ్ణి దిగమని అనకండి, ఒళ్ళోనే ఉంచుకుని మీరు గొంతెత్తి పాడండి, ఆదివారం స్నానం దగ్గర ఏం జరిగిందో ఇక్కడే రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.