పడవ రేవులో నువ్వు విసుక్కున్న మాట

అనంతపురం

చిరంజీవి పాపకు ఆశీస్సులు.

నీ అండమాన్ వ్యాసం అందింది. రెండుసార్లు చదివినా. మొదటిసారి వాలుకుర్చీలో, రెండోసారి ఎర్రపెన్ను పట్టుకొని. పంతులు బుద్ధి, రిటైరైనా పోదు.

భాషకు వంక పెట్టేదేమీ లేదు. రాధానగర్ బీచ్ ఇసుక మీద ఒక పేజీ, నీళ్ళ రంగుల మీద ఇంకొక పేజీ. సెల్యులార్ జైలు 1906లో పూర్తయిందనీ, 7 వరసల కట్టడంలో ఇప్పుడు 3 మిగిలాయనీ, హావ్‌లాక్‌ పేరు 2018లో స్వరాజ్ ద్వీపంగా మార్చారనీ, అన్నీ సరిగ్గానే రాసినావు. అమ్మను పిల్చుకొని పోతున్నానని మొదటి వాక్యంలో చెప్పినావు. చివరి పేరాలో "కరువు సీమలో పుట్టిన అమ్మ సముద్రాన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకుంది" అన్నావు. నడుమ నాలుగు రోజులు ఆమె ఏమైపోయింది పాపా? నీ సూట్‌కేసు నయం, చక్రం ఊడిపోయిన సంగతి రెండు వాక్యాలు రాసినావు.

ఆ కన్నీళ్ళ మీద అనుమానమొచ్చి మీ అమ్మకు ఫోన్ చేసినా. "ఏడ్చినావంట కదమ్మా" అంటే పడీపడీ నవ్వింది. "ఏడ్చేదేంటికి సార్? ఉప్పుగాలికి కండ్లు మండినాయి. శుక్లాల ఆపరేషన్ అయ్యి మూడు నెల్లే కదా" అనింది.

ఆ తర్వాత అరగంట మాట్లాడింది. కొన్ని నీకు తెలిసే ఉంటాయి. కొన్ని తెలియవనుకుంటా.

హావ్‌లాక్ పోయిన రోజు తెల్లారినప్పటినుంచి ఆమె చుక్క నీళ్ళు తాగలేదు. "తాగితే మళ్ళ యాడికి పోయేది సార్? ఊగే పడవలో ఆ సందులాంటి దాంట్లోకి పోయి కూచునేదానికి నా మోకాళ్ళతో అయితాదా?" రెండు గంటలు పడవలో, అంతకుముందు రేవులో, ఆ తర్వాత ఆటోలో. చుట్టూ సముద్రం పెట్టుకొని ఆమె నాలుక పిడచగట్టుకొని పోతా ఉంటే పక్కసీట్లో నువ్వు నీలంలో ఎన్ని నీలాలున్నాయో లెక్కపెట్టుకుంటున్నావు. నిన్ను తిట్టడానికి కాదు చెప్పేది. ఆడవాళ్ళు, అందులో వయసు మీద పడినవాళ్ళు, మన బస్సుల్లో కూడా ఇదే పని చేస్తారు. ఎవరూ రాయరు.

ఇంకొకటి. అక్కడ పొద్దు తొందరగా గుంకుతుంది. మన అనంతపురానికీ అండమాన్‌కూ రేఖాంశంలో 15 డిగ్రీల తేడా ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన పూర్తిగా ఒక గంట. గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. నువ్వు చలికాలంలో పోయినావు కాబట్టి అయిదు దాటంగానే చీకటి పడి ఉంటుంది. నీ వ్యాసంలో అది "సూర్యుడు అరేబియా కథల్లోలా మాయమయ్యాడు" అని ఉంది. కొట్టేసినా. మీ అమ్మ గడియారం చూసే మనిషి కాదు. దీపాలు పెట్టే వేళకు బీపీ మాత్ర వేసుకుంటుంది. నాలుగు రోజులూ గంట ముందే వేసుకొని, ఏడుకే నిద్రొచ్చి, "ఈ ఊర్లో పొద్దుకు ఏం తొందరో" అనుకుంటా పడుకుందంట. నీ సూర్యాస్తమయం ఆ మాత్ర దగ్గర ఉంది.

ఇసుక గురించి కూడా చెప్పింది. "దున్నిన చేన్లో నడిచినట్లు కాలు దిగబడతాండె సార్. నీళ్ళ పక్కకు పోతే గట్టు మాదిరి గట్టిగా ఉండె." పొడి ఇసుక కుంగుతుంది, అలలు తడిపిన ఇసుక కాలిని మోస్తుంది. చెనిక్కాయ చేన్లో యాభై ఏండ్లు నడిచిన పాదం మొదటి రోజే దాన్ని కనిపెట్టింది. ఈ మాటను ఉన్నదున్నట్లు పెట్టు. "ఉండె"ని "ఉండేది" చేసినావంటే మీ అమ్మ ఆ బీచ్‌లోంచి లేచి వెళ్ళిపోతుంది.

జైల్లో నువ్వు మెట్లెక్కి పైకి పోతే ఆమె కింద రావిచెట్టు నీడన ఆగిపోయింది. అక్కడ ఎప్పుడో శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం తాలూకు ఆడమనిషి ఒకామె పలకరించిందంట. "అదీ తెలుగే సార్, కానీ నాకు సగమే తెలిసింది. ఆమెకు నాది సగమే తెలిసింది. కోడళ్ళ సంగతి మాత్రం ఇద్దరికీ అంతా తెలిసింది." నువ్వు పైన గదుల సంఖ్య రాసుకుంటున్న గంటలో కింద ఇది జరిగింది.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకున్న అర్హత ఒకటే, నేనూ ఇదే చేసినా.

నా మొదటి యాత్రావ్యాసం రామేశ్వరం మీద. నాయనను పిల్చుకొని పోయినా. అదీ ద్వీపమే కదా. రోడ్డు వంతెన 1988లో వచ్చింది, మేము పోయింది అంతకుముందు, రైల్లోనే పోవాల. 1914 నాటి పాంబన్ వంతెన, 2 కిలోమీటర్ల పొడవు, ఓడ వస్తే నడుమ భాగం పైకి లేవడం, 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోడి రైలుతో సహా కొట్టుకుపోవడం, అన్నీ దట్టించినా. ఒక పత్రిక వేసింది. నాయనకు చదువు రాదు. రచ్చకట్ట మీద ఎవరిచేతో చదివించుకొని ఇంటికొచ్చి, "రైలు గురించి బాగా రాసినావప్పా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

గుడిలో 22 తీర్థాలున్నాయి. ఒక్కొక్క బావి దగ్గర చేదతో తోడి నెత్తిన గుమ్మరిస్తారు. తడిబట్టలతోనే జారే బండల మీద ఇంకో బావికి పోవాల. పది దాటేసరికి నాయన పండ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "చాలు పోదాం పద" అన్నాడు. ఇంత దూరం వచ్చి నడుమన ఆపేదేందని రెట్ట పట్టుకొని మిగిలినవన్నీ నేనే తిప్పినా. ఆ రాత్రి సత్రంలో ఒళ్ళు కాలిపోయింది. ఉన్న ఒక్క దుప్పటి, నా పంచె, తడారని తువ్వాలు, అన్నీ కప్పినా వణుకు ఆగలేదు. వ్యాసంలో మాత్రం "22 తీర్థాల స్నానంతో నాయన ముఖం వెలిగిపోయింది" అని రాసినా. రచ్చకట్ట మీద ఆ వాక్యమూ చదివించుకునే ఉంటాడు.

అందుకే నీ కన్నీళ్ళ వాక్యం దగ్గర నా పెన్ను ఆగింది. అలాంటి మెరిసే వాక్యం ఉన్నచోట పక్కన ఏదో పూడ్చిపెట్టి ఉంటుంది. నీది పడవ రేవులో ఉందనుకుంటా. మీ అమ్మ ఫిర్యాదుగా చెప్పలేదు. "పాపకు తొందర సార్, పడవ పోతాదని. అందరి ముందర కేకేసింది. నాకా, కాలు లేయలేదు. ఆ పలక కిందికీ మీదికీ ఊగుతాండె. పడవాయన రెండు చేతులూ పట్టుకొని లాగినాడు. పరాయి మగోడు పట్టుకుంటే సిగ్గయ్యింది" అని, ఆ వెంటనే "దుడ్లు దండిగా ఖర్చు పెట్టి చూపించింది సార్ పాప" అనింది.

ఆ కేకలో నువ్వన్న మాటేదో నాకు చెప్పనక్కర్లేదు. కాగితం మీద పెట్టు. క్షమాపణ కలపొద్దు. పలక, ఆమె కాలు, వెనక లైను, నీ గొంతు, అంతే. అది కుదిరితే నీలం రంగు పేజీని నువ్వే చింపేస్తావు.

మళ్ళీ రాసి పంపు. తొందరేమీ లేదు, ఉగాది దాకా అయినా పర్వాలేదు.

మరిచిపోయినా. వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఆమె కొంగుముడి విప్పించినారంట. అక్కడి పగడపు రాళ్ళు, గవ్వలు తేవడం నేరమని ఆమెకు తెలియదు పాపం. పక్కనే ఉన్నావు, వ్యాసంలో లేదు. రెండు తీసి పెట్టేసినారంట. ఎవరికోసం ఏరుకున్నావమ్మా అని అడిగితే పేరు చెప్పింది. నేను చెప్పను, నువ్వే అడుగు.

ఇట్లు
మీ సారు