మా ఊళ్లో రోడ్డు పక్కన పడుకునేవారికి వసతి గృహం రావాలంటే ఎవరిని అడగాలి?

ప్రతి చలికాలం స్నేహితులతో కలిసి దుప్పట్లు పంచుతున్నామని, మరుసటి ఏడాది అవే అరుగుల మీద అదే మనుషులు కనిపిస్తున్నారని, శాశ్వతంగా ఏదైనా జరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. కోస్తాలో మూడు లక్షలకు దగ్గరగా జనాభా ఉన్న ఒక పట్టణంలో నేను, మరికొందరం కొన్నేళ్లుగా ఈ పని మీదే ఉన్నాం. దుప్పట్లు మానేయమని చెప్పను. జనవరి రాత్రి దుప్పటి ప్రాణం నిలబెడుతుంది. అయితే మునిసిపల్ కమిషనర్ ముందు కూర్చున్నప్పుడు మీ చేతిలో మనుషుల లెక్క ఉండాలి. అది లేకపోతే ఏ ఊళ్లోనైనా వినిపించే మాట ఒకటే: "మన దగ్గర అలాంటివాళ్లు పెద్దగా లేరండీ, ఉన్నవాళ్లు కూడా బయటి ఊళ్లవాళ్లు."

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి, ఒక్క రాత్రిలో లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. అందులో 9.38 లక్షల మంది పట్టణాల్లోనివారే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 1.45 లక్షలు. ఒక్క రాత్రిలో, చీకట్లో, అలవాటు లేని చోట్ల తిరిగి తీసిన లెక్క అది. గోదాము వెనుక బస్తాల మధ్య పడుకున్న హమాలీ, మూసిన దుకాణం షట్టరుకు ఆనుకుని ముసుగు తన్నిన మనిషి అందులోకి ఎక్కారని నేను నమ్మను. కాబట్టి మీ ఊరి లెక్క మీరే తీయాలి.

రాత్రి పదకొండు దాటాక బయలుదేరండి. అంతకుముందు వెళితే బస్సు కోసం ఎదురుచూసేవారెవరో, అక్కడే పడుకునేవారెవరో తేడా తెలియదు. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లయితే మంచిది. బస్టాండు, రైల్వే స్టేషను బయట, వంతెన కింద, కూరగాయల మార్కెట్టు, ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణ, గుడి మెట్లు, ఇలా ఊరిని ముక్కలుగా పంచుకోండి. నిద్రపోతున్నవారిని లేపవద్దు, లెక్కలోకి తీసుకుని ముందుకు సాగండి. మెలకువగా ఉన్నవారి పక్కన కూర్చోండి. తెల్లవారుజామున నాలుగింటికి టీ బండి దగ్గరికి మళ్లీ వెళితే రాత్రి ముసుగులో ఉన్నవారు అక్కడ టీ తాగుతూ కనిపిస్తారు. మాటలన్నీ అక్కడే దొరుకుతాయి.

ఆడవాళ్ల విషయంలో మాత్రం రాత్రి లెక్క సరిపోదు. మాకు ఈ సంగతి బస్టాండులో ఒక పెద్దావిడ చెప్పింది. సిమెంటు సంచిలో సామాను, ఆ సంచి మూతికి కట్టిన తాడు రెండో కొస ఆమె మణికట్టుకు. పడుకోకుండా బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. "రాత్రి కన్ను మూస్తే ఎట్లా తల్లీ? తెల్లవారాక గుడి మండపంలో పడుకుంటాను, పూజారిగారు ఏమీ అనరు" అంది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఆ మండపంలో ఆమెలాంటివారు ఇంకా ఉన్నారు. అందుకని ఆడవాళ్ల కోసం పగటి పూట ఒక విడత తప్పకుండా తిరగండి. వసతి గృహం అడిగేటప్పుడు స్త్రీలకు విడిగా అడగండి, పిల్లలున్న కుటుంబాలకు విడిగా అడగండి.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెబుతాను. ఒకటి, ఫోటోలు, వీడియోలు తీయవద్దు. రోడ్డు మీది మనిషికి గడ్డం గీసి, స్నానం చేయించి, ఆ వీడియోను ఊరంతా చూపించే అలవాటు ఈ మధ్య బాగా పెరిగింది. ఆ మనిషి ఒప్పుకున్నాడా అని అడిగేవారే లేరు. నాకు అది చూస్తే కడుపు రగిలిపోతుంది. రెండోది, లెక్క కాగితంలో పేర్లు రాయవద్దు. చోటు, సుమారు వయసు, ఆడ మగ, చేసే పని, ఏ గుర్తింపు కాగితం లేదో, ఇంతవరకే. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షాటన నిషేధించి, రోడ్ల మీద ఉన్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. పేర్లు, చోట్లు ఉన్న జాబితా ఒకటి తయారైతే, అది రేపు ఎవరి చేతికి వెళుతుందో మన అదుపులో ఉండదు.

లెక్క పూర్తయ్యాక మా బృందంలో చాలామంది అభిప్రాయం మారిపోయింది. మాకు కనిపించినవారిలో ఎక్కువమంది పని చేసుకుని బతికేవారు. హోటళ్లలో గిన్నెలు తోమేవారు, పెళ్లిళ్ల సీజనులో వడ్డనకు వెళ్లేవారు, హమాలీలు, చిత్తు కాగితాలు, ప్లాస్టిక్కు ఏరేవారు, రాత్రి కాపలా చేసి పగలు పడుకునేవారు. పని ఉంది, కూలి ఉంది, గది అద్దెకు ఇచ్చేవారు లేరు. ఒంటరి మగవాడంటే ఇంటివాళ్లు ఇవ్వరు. అడ్వాన్సు కట్టే స్తోమత లేదు. ఆధార్ కార్డు అడిగితే అది లేదు.

ఇక మీ అర్జీకి బలం ఎక్కడుందో చెబుతాను. ఢిల్లీలో ఒక తాత్కాలిక శిబిరాన్ని కూల్చేశాక చలికి మనుషులు చనిపోయారు. ఆ నేపథ్యంలో, 2001 నుంచి నడుస్తున్న ఆహార హక్కు కేసులోనే సుప్రీంకోర్టు 2010లో జోక్యం చేసుకుంది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండే వసతి గృహాలు ఉండాలని చెప్పింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద ఇదే ఒక పథకం అయింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, నీళ్లు, మరుగుదొడ్లు, వంట చేసుకునే వీలు ఉండాలని ఆ పథకం మార్గదర్శకాలు చెప్పాయి. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్లకు దగ్గరగా, అంటే ఈ మనుషులు ఉండే చోటికి, పని చేసే చోటికి దగ్గరగా కట్టాలని కూడా రాసి ఉంది. నిధులు ఖర్చు కావడం లేదని, గృహాలు రావడం లేదని తేలాక 2016 నవంబరులో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాస్ గంభీర్ నేతృత్వంలో ఒక కమిటీని వేసింది. పథకాల పేర్లు, నిధుల వాటాలు ప్రభుత్వాలను బట్టి మారతాయి. మీ అర్జీలో పథకం పేరు ఒక్కటే పట్టుకోకుండా కోర్టు ఆదేశాన్ని, జీవించే హక్కును చెప్పే 21వ అధికరణాన్ని ముందు పెట్టండి.

దగ్గరగా అన్న ఆ ఒక్క మాట కోసమే మేము ఎక్కువ పోరాడాం. మాకు మొదట చూపించింది ఊరి చివర వాడకంలో లేని ఒక సామాజిక భవనం. భవనం బాగానే ఉంది. కానీ హోటల్లో గిన్నెలు తోమే మనిషికి పని ముగిసేసరికి రాత్రి పదకొండున్నర, ఆ వేళకు అటు వెళ్లే ఆటో ఉండదు, ఉన్నా రోజు కూలిలో పెద్ద ముక్క దానికే పోతుంది. అడ్డా కూలీ తెల్లవారుజామునే కూడలిలో నిలబడకపోతే ఆ రోజు పని లేదు. ఊరి చివర కడితే మంచాలు ఖాళీగా ఉంటాయి, తర్వాత ఆ ఖాళీ మంచాలనే చూపించి ఈ ఊళ్లో అవసరం లేదని రాస్తారు. మేము లెక్కలోని చోట్లను పట్టణ పటం మీద చుక్కలుగా గుర్తించి తీసుకెళ్లాం. చుక్కలన్నీ మార్కెట్టు, బస్టాండుల చుట్టూ గుమిగూడి ఉన్నాయి. ఆ పటం ముందు వాదన తేలికైంది. చివరికి మార్కెట్టు దగ్గర మూతపడిన ఒక పాత కార్యాలయ భవనం ఖాయమైంది. తొమ్మిదింటికి తలుపు మూసే నిబంధనను కూడా ఆ పని వేళలు చూపించే మార్పించాం. మంచం కంటే ముందు వాళ్లు అడిగింది తాళం వేసుకునే పెట్టె. దాన్ని మీ అర్జీలో మరిచిపోవద్దు.

పెట్టె ఎందుకంటే, కాగితాలు. నాకు తెలిసిన ఒకాయన, యాభై దాటిన మనిషి, సబ్బు నీళ్లలో నాని నాని వేళ్ల సందులు తెల్లగా పగిలి ఉంటాయి, చొక్కా లోపలివైపు ఒక ప్లాస్టిక్ కవరు కుట్టించుకున్నాడు. అందులో ఆధార్ నకలు, ఒక ఆసుపత్రి చీటీ. అసలు కార్డు ఉన్న సంచి, ఫోను నిద్రలో పోయాయి. ఆ ఫోను నంబరే ఆధార్‌కు కలిపి ఉంది. "నంబరు తెచ్చుకోవాలంటే ఆధార్ అడుగుతున్నారమ్మా, ఆధార్‌కేమో నంబరు అడుగుతున్నారు" అన్నాడు. ఇలాంటి చిక్కుకు దారి ఉంది. ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో కొత్త నంబరు నమోదు చేయించవచ్చు, దానికి పాత నంబరు అవసరం లేదు. చిరునామా రుజువు లేనివారికి గుర్తింపు పొందిన వసతి గృహం అధికారి, గెజిటెడ్ అధికారి లేదా కౌన్సిలర్ నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. ఓటు విషయంలో ఎన్నికల సంఘం నియమం ఇంకా ఉదారంగా ఉంది. కొత్తగా ఓటరుగా చేరే దరఖాస్తు, అంటే ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి ఒకటి కంటే ఎక్కువ రాత్రులు అక్కడికి వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడని చూసుకోవాలి. అలా తేలితే నివాస రుజువు కాగితం అక్కరలేదు. కౌన్సిలర్లకు ఓటున్న మనిషి మాట వేరుగా వినిపిస్తుంది, అందుకే ఈ పని వెనక్కి నెట్టవద్దు.

మానసిక అనారోగ్యంతో తిరిగేవారు మీ లెక్కలో తప్పకుండా ఉంటారు. వారిని మీరే ఎక్కడికో తరలించే ప్రయత్నం చేయవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, తన సంరక్షణ తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నవారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చడం పోలీసుల బాధ్యత. లాకప్పులో ఉంచకూడదు. ఇది ఉపకారంగా అడిగేది కాదని స్టేషనులో మర్యాదగానే, సెక్షన్ నంబరు చెప్పి మరీ గుర్తుచేయండి. వృద్ధుల విషయంలో 14567, పిల్లలైతే 1098, స్త్రీలకు ఆపద ఉంటే 181 నంబర్లు ఫోనులో పెట్టుకోండి.

ఎవరిని అడగాలన్నారు కదా. అర్జీ కమిషనర్ పేరు మీద రాయండి. నకళ్లు కలెక్టరుకు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) అధికారికి, మీ వార్డు కౌన్సిలరుకు ఇవ్వండి. సోమవారాల్లో కలెక్టరేటులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి జరుగుతాయి. అక్కడ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. దానితోపాటు సమాచార హక్కు కింద మూడు విషయాలు అడగండి: ఈ పట్టణానికి ఎన్ని వసతి గృహాలు మంజూరయ్యాయి, ఎంత డబ్బు వచ్చింది, ఎంత ఖర్చయింది. 30 రోజుల్లో జవాబు రావాలి. ఎక్కడా కదలిక లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి లేఖ రాయండి. ఆ స్థానంలో ఉండేది న్యాయాధికారి. అక్కడి నుంచి వెళ్లే లేఖకు కార్యాలయాల్లో విలువ వేరు. మా విషయంలో ఫైలు కదిలింది అప్పుడే.

ఒక్క ఊరు అడిగితే అది ఆ ఊరి గోలగానే మిగిలిపోతుంది. మిరప కోతలకు, జాతరలకు, పెళ్లిళ్ల సీజనుకు ఇదే మనుషులు రైలెక్కి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళతారు. మేము మా రైల్వే మార్గంలోని పక్క పట్టణాల బృందాలతో కలిసి ఒకే వారంలో, ఒకే కాగితం మీద లెక్క తీశాం. అది తీసుకుని రాష్ట్ర స్థాయి అధికారుల దగ్గరకు వెళ్లినప్పుడు, బయటి ఊళ్లవాళ్లన్న మాట ఎవరి నోటా రాలేదు. అందరి లెక్కలూ పక్కపక్కనే ఉన్నాయి మరి. వెళ్లేటప్పుడు రోడ్డు మీద పడుకునే మనుషులను ఇద్దరినైనా వెంట తీసుకెళ్లండి, మాట్లాడేది వాళ్లే అయి ఉండాలి. ఆ రోజు కూలి మీరు ఇవ్వండి.

వసతి గృహంతో పని అయిపోదు. మన రెండు రాష్ట్రాల్లోనూ గృహ పథకాలు చాలావరకు సొంత ఇంటి కోసమే. తెలంగాణలో 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, ఆంధ్రలో 300 చదరపు అడుగుల నుంచి మొదలయ్యే టిడ్కో ఇళ్లు, ఇళ్ల స్థలాల పట్టాలు, ఇవన్నీ రేషన్ కార్డు, స్థానిక చిరునామా ఉన్న కుటుంబాలను చూసి తయారైనవి. ఒంటరి కూలీ ఆ వరుసలోనే నిలబడలేడు. అతనికి కావలసింది మార్కెట్టుకు నడిచి వెళ్లే దూరంలో, కూలిలో భరించగలిగే అద్దెకు, ఒక గది. లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి వెళ్లడం చూశాక 2020లో కేంద్రం సరసమైన అద్దె గృహాల పథకం ప్రకటించింది. ఆ దారిలో మన పట్టణాలు ఎంతో ముందుకు వెళ్లాలి. మునిసిపాలిటీ చేతిలో ఖాళీగా పడి ఉన్న క్వార్టర్లు, గదులు మీ ఊళ్లోనూ ఉంటాయి, వాటి జాబితా కూడా సమాచార హక్కు కిందే అడగండి. వసతి గృహంలో ఆరు నెలలు నిలదొక్కుకున్న మనిషికి ఆ తర్వాత ఒక గది అన్న డిమాండును మొదటి అర్జీలోనే చేర్చండి. తర్వాత చేరిస్తే అది కొత్త ఫైలు అవుతుంది.

లెక్క డిసెంబరులో తీస్తే, మునిసిపల్ బడ్జెట్ ప్రతిపాదనలు ఖరారయ్యేలోపు మీ అర్జీ చేరుతుంది. మేము వాడిన లెక్క కాగితం ఒక్క పేజీయే, తెలుగులోనే ఉంది. కావాలంటే చెప్పండి, పంపుతాను.