తమ్ముడి మాత్రలు పప్పుడబ్బాలో

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. డాక్టరు బైపోలార్ (విపరీతమైన హుషారు, విపరీతమైన దిగులు మారి మారి వచ్చే మనసు జబ్బు) అని చెప్పి, మొన్న వేసవిలో 12 రోజులు ఆసుపత్రిలో ఉంచారు. బిల్లులు పెడితే, మానసిక జబ్బులకు డబ్బు రాదని ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం పంపింది. ఇంటికి చుట్టాలొస్తే అమ్మ వాడి మాత్రలు మినప్పప్పు డబ్బాలో దాచేస్తుంది. నాకు సంబంధాలు చూస్తున్నారు, విషయం బయటికి పొక్కితే కుదరవని ఆమె భయం. ఏం చేయమంటారు?
– ఓ అక్క, తెనాలి

జవాబు: ముందు డబ్బు సంగతి చూద్దామమ్మా. ఒంటి జబ్బుకు ఎలా ఇస్తారో మనసు జబ్బుకూ అలాగే బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్‌లో ఉంది, 2022 అక్టోబరు 31 లోగా అన్ని పాలసీల్లోనూ దీన్ని చేర్చాలని బీమా కంపెనీలపై అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ కంపెనీలకు గడువు కూడా పెట్టింది. పాలసీకి ముందే జబ్బుంటే వెయిటింగ్ పీరియడ్ అంటారు, అంటే కొంతకాలం గడిచాకే ఆ జబ్బుకు డబ్బిస్తారు, అది వేరు. ఉత్త ‘మానసిక జబ్బు’ అన్న మాటతో క్లెయిమ్ కొట్టేస్తే ఊరుకోకండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా, ఏడాది దాటకుండా బీమా తగాదాలు తీర్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఇక ఆ పప్పుడబ్బా. చదివి చాలా బాధేసింది. చుట్టాలు రెండు రోజులుంటే ఆ రెండు రోజులూ మీ తమ్ముడు మాత్ర ఎలా వేసుకుంటున్నాడు? వంటింట్లో ఎవరూ లేని సమయం చూసుకుని వేసుకోవాలి, కుదరకపోతే మానేయాలి. బైపోలార్‌లో మందు మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ, లిథియం లాంటిదైతే మధ్యమధ్యలో రక్తపరీక్షలు కూడా చేయించుకోవాలి, దొంగచాటు మందుకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి? ఇంట్లో ఎవరికైనా బీపీ ఉంటే వాళ్ల మాత్రలు టీవీ పక్కనే ఉంటాయి కదా, ఇవీ అక్కడే పెట్టండి. ఎవరైనా అడిగితే డాక్టరు రాసిన మందులంటే చాలు.

జబ్బు పేరు ఎవరికి చెప్పాలన్నది మాత్రం మీ తమ్ముడి ఇష్టం. అమ్మదీ కాదు, మీదీ కాదు. పెళ్లివారి సంగతి కూడా అతన్నే అడగండి, సరే అంటే తాంబూలాలకు ముందే చెప్పేయండి. అది విని వెనక్కి తగ్గే సంబంధమైతే పోనివ్వండి, పెళ్లయ్యాక ప్రతి పండక్కీ ఆ మాత్రలు దాచుకుంటూ మీరు పుట్టింటికి రాలేరు.

అమ్మ మీద కోప్పడకండి. ఆమె ఇన్నాళ్లూ ఈ టెన్షనంతా ఒక్కతే మోసింది. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ (మనసు బాధలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, ఇంట్లోవాళ్లూ మాట్లాడొచ్చు. మొదటిసారి మీరే నంబరు నొక్కి ఫోన్ ఆమె చేతికివ్వండి.