‘బొమ్మలో ప్రాణం లేదు’ అంటే ఏం దిద్దుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి కావలిలో ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. ఫోన్‌లో ఫొటో చూసి ముఖాలు అచ్చుగుద్దినట్టు వేస్తుంది. నిలువెత్తు మనిషిని వేస్తే మాత్రం బిగుసుకుపోయినట్టు వస్తుంది. ఇంట్లో అందరం బాగుందనే అంటాం. ఈమధ్య ఒక పోటీలో జడ్జి ‘బొమ్మలో ప్రాణం లేదు’ అనేసరికి బాగా డీలా పడింది. రోజూ వేస్తూనే ఉంది కానీ మార్పు లేదు. బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చదువుతానని పట్టుబడుతోంది. చేర్పించవచ్చా?
- ఓ తల్లి, కావలి

జవాబు: చేర్పించవచ్చు. ముఖంలో పోలిక పట్టుకోవడం అందరికీ వచ్చే పని కాదు, ఆ చూపు మీ అమ్మాయికి ఉంది. అయితే మీరు ‘బాగుంది’ అన్నా, జడ్జిగారు ‘ప్రాణం లేదు’ అన్నా ఆమెకు జరిగిన మేలు ఒకటే. మర్నాడు పెన్సిల్ పట్టుకుని ఏ గీత మార్చాలో రెండు మాటలూ చెప్పలేదు. అది తెలియకుండా ఎంత సాధన చేసినా, ఉన్న తప్పే చేతికి అలవాటవుతుంది.

జడ్జిగారి మాటను పనికొచ్చేలా విడమరిచి చూద్దాం. బిగుసుకుపోయిన బొమ్మల్లో చాలావరకు మనిషి రెండు కాళ్ల మీదా సమానంగా బరువేసి ఉంటాడు. భుజాలు, నడుము స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉంటాయి. నిజానికి డ్రిల్లు పీరియడ్‌లో తప్ప ఎవరూ అలా నిలబడరు. ఒకసారి బస్టాండుకు తీసుకెళ్లి, బస్సు కోసం నిలబడ్డవాళ్లను గమనించమనండి. బరువు ఒక కాలి మీద ఉంటుంది. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కాస్త కిందికి దిగుతుంది. మెడ కింది గుంట నుంచి దారం వేలాడదీసినట్టు ఊహిస్తే అది బరువు మోస్తున్న పాదం దగ్గరికి వస్తుంది. బొమ్మలో ఆ దారం రెండు పాదాలకూ బయట ఎక్కడో పడితే, మనిషి నిలబడ్డట్టు గాక పడిపోతున్నట్టు కనిపిస్తాడు. జీవం ముందు ఇక్కడి నుంచే వస్తుంది. కళ్లు, పెదవులు ఎంత అందంగా దిద్దినా ఈ లోటు పూడదు.

అందుకే కొన్నాళ్లు ముఖం వేయొద్దనండి. తల స్థానంలో ఒక కోడిగుడ్డు ఆకారం చాలు. కదులుతున్న మనుషుల్ని చూస్తూ ఒక్కో బొమ్మ నిమిషం, రెండు నిమిషాల్లో వేయాలి. ముందు భుజాల వాలు, తుంటి వాలు, బరువున్న కాలు. మిగతావి టైముంటేనే. రబ్బరు పక్కన పెట్టి, తప్పు వస్తే పక్కనే ఇంకోటి వేయాలి. మామూలు హెచ్‌బీ కన్నా మెత్తటి 4బీ, 6బీ పెన్సిల్ నయం. అట్టను ఒళ్లోనో బల్ల మీదో పరిచి వేయకుండా ఏటవాలుగా నిలబెట్టుకోవాలి. పడుకోబెట్టి వేస్తే పైభాగం మనకు కురచగా కనిపిస్తుంది కాబట్టి, తెలియకుండానే సాగదీసి వేస్తాం.

కొలతలు కొన్ని గుర్తుంటే చాలు. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు, ఏడాది పిల్లలది నాలుగు. నిలబడ్డ మనిషి ఎత్తులో సగం నడుము దగ్గర రాదు, తొడలు మొదలయ్యే చోట వస్తుంది. అరచేయి, వేళ్లు కలిపితే గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే దాకా ఉంటుంది. చేతులు చిన్నవిగా వేయడం అందరూ చేసే పొరపాటే. పైగా బైపీసీ పిల్ల, జువాలజీలో అస్థిపంజరం చదువుకునే ఉంటుంది. కటి, జత్రుక (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక), తొడ ఎముక పేర్లు పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకుండా, తన బొమ్మల్లోనే అవెక్కడున్నాయో ఎర్ర పెన్సిల్‌తో గీసి చూసుకోమనండి. ఇంత మంచి అవకాశం ఎంపీసీ పిల్లలకు లేదు.

ఇక బొమ్మ ఎవరికి చూపించాలి? ముందు మీకే. డ్రాయింగ్ రాకపోయినా ఈ పని మీరు చేయగలరు. ‘బాగుందా?’ అని ఆమె అడగకూడదు, ‘బాగుంది’ అని మీరు అనకూడదు. చంకన బిందె పెట్టుకున్న మనిషిని వేసిందనుకోండి. ఈమె ఏ కాలి మీద నిలబడింది, బిందె నిండుదా ఖాళీదా అనేది మీకు ఏమనిపిస్తే అది చెప్పండి. నిండు బిందె మోసిన ఒంటికి తెలుసు, నడుము అవతలి వైపుకు ఒరుగుతుందని, రెండో చెయ్యి గాల్లో కాస్త ఎడంగా ఉంటుందని. ఆమె నిండు బిందె అనుకుని వేస్తే మీకు ఖాళీగా కనిపించిందా, దిద్దుకోవాల్సింది దొరికినట్టే.

ఆ తర్వాత డ్రాయింగ్ మాస్టారి దగ్గరికో, బీఎఫ్‌ఏ చదువుతున్న సీనియర్ దగ్గరికో వెళ్లాలి. కట్టలు కట్టలు పట్టుకెళ్లొద్దు. రెండు మూడు బొమ్మలు చాలు, ప్రశ్న ఒకటే ఉండాలి: ‘భుజం కుదరడం లేదు, ఎక్కడ తప్పుతోంది?’ బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ వేసి దాని మీదే సరిచేయమని అడగాలి. ఆ రాత్రే అదే భంగిమ మళ్లీ వేసి, ఆ వారమంతా వేరే మనుషుల్లో ఆ భుజం ఒక్కటే చూడాలి. అన్నీ ఒకేసారి దిద్దుకోబోతే ఏదీ నిలవదు. అడిగేవాళ్లు లేని రోజు బొమ్మను అద్దంలో చూసుకుంటే ఒరుగుడు ఇట్టే బయటపడుతుంది.

కోర్సు సంగతి. బీఎఫ్‌ఏ నాలుగేళ్లు, బైపీసీ వాళ్లూ చేరొచ్చు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నాయి. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) కూడా ఉంది కానీ స్థానికత నిబంధన చూసుకుని దరఖాస్తు చేయండి. డిజైన్ వైపు మనసుంటే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రవేశ పరీక్ష ‘డాట్’ రాయొచ్చు. యానిమేషన్, స్టోరీబోర్డు, గేమ్ ఆర్ట్, ఇలస్ట్రేషన్ ఏది ఎంచుకున్నా మనిషి బొమ్మ రావాల్సిందే. కాబట్టి ఇప్పటి కష్టం వృథా పోదు.

ఇంటర్ పరీక్షలు అయ్యేవరకు రోజుకు ఇరవై నిమిషాలు దాటనివ్వకండి, మార్కుల టెన్షన్ దీనికి కలవకూడదు. పరీక్షలయ్యాక పొద్దున్నే తుమ్మలపెంట తీరానికో, జువ్వలదిన్నెకో తోడు వెళ్లండి. వల లాగే మనిషి వీపు, మడమలు తొక్కిపట్టే తీరు ఏ ఫొటోలోనూ అంత బాగా దొరకవు. వేసిన కాగితాల మీద తేదీ రాయించి, దిద్దిన ట్రేసింగ్ పేపర్లతో సహా ఒక ఫైల్లో దాచండి. పోర్ట్‌ఫోలియో (తను వేసిన బొమ్మల కూర్పు) అడిగే చోట వాటిలోంచి కొన్ని కూడా పెట్టొచ్చు.