ఆరింటి మెయిల్ పదకొండున్నరకు ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా షాపు వెబ్‌సైట్ నుంచి ఆ రోజు ధరల పట్టిక రోజూ ఉదయం 6 గంటలకు మెయిల్‌లో వెళ్లాలి. హోస్టింగ్ ప్యానెల్‌లో క్రాన్ జాబ్‌కి (చెప్పిన టైమ్‌కి సర్వర్ దానంతటదే నడిపే పనికి) 0 6 * * * అని పెట్టాను. మెయిల్ 11:30కి వెళ్తోంది. షేర్డ్ హోస్టింగ్ కాబట్టి సర్వర్ టైమ్ మార్చడం కుదరదంటున్నారు. – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఐదున్నర గంటలు ఆలస్యమైందంటే సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో) ఉండి ఉంటుంది. మన 6 గంటలంటే యూటీసీలో అర్ధరాత్రి దాటిన అరగంట. కాబట్టి 30 0 * * * అని మార్చండి. ముందు నిమిషాలు, తర్వాత గంటలు, తారుమారు చేయకండి.

అయితే ఒక్కరోజు తేడా చూసి యూటీసీ అని తేల్చేయకూడదు. లండన్ టైమ్‌లో ఉన్న సర్వర్ కూడా చలికాలంలో సరిగ్గా ఇంతే తేడా చూపిస్తుంది. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు, మీ మెయిల్ గంట ముందే వెళ్లిపోతుంది. అసలు సంగతి క్రాన్‌నే అడగండి. డేట్ కమాండ్‌ని నిమిషానికోసారి నడిచే జాబ్‌గా పెట్టి, వచ్చింది ఒక ఫైల్‌లోకి పంపండి. టైమ్ పక్కన జోన్ పేరు కూడా పడుతుంది. చూశాక ఆ జాబ్ తీసేయండి. టెర్మినల్‌లో చూసింది మాత్రం లెక్కలోకి రాదు, మీ లాగిన్‌కి వేరే జోన్ పెట్టి ఉండొచ్చు.

ఒకవేళ సర్వర్ డాలస్, షికాగో టైమ్‌లో ఉందనుకోండి. మన ఉదయం 6 అక్కడ ఎండాకాలంలో ముందురోజు రాత్రి 7:30, చలికాలంలో 6:30. అప్పుడు 30 18,19 * * * అని రెండుసార్లు నడిపించి, భారత టైమ్‌లో గంట 6 కాకపోతే స్క్రిప్ట్ మొదటి వరుసలోనే ఆగిపోయేలా రాయండి. చూడ్డానికి మోటుగా ఉంటుంది కానీ ఏడాదంతా టైమ్ తప్పదు.

ప్రశ్న: నాది సొంత వీపీఎస్ (నాకే కేటాయించిన వర్చువల్ సర్వర్), ఉబుంటూ లైనక్స్. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో జోన్ ఆసియా/కోల్‌కతాకి మార్చాను. డేట్ కొడితే మన టైమే వస్తోంది, క్రాన్ మాత్రం పాత టైమ్‌కే నడుస్తోంది. – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: క్రాన్ తను మొదలైనప్పుడు చదువుకున్న జోన్‌నే పట్టుకుని కూర్చుంటుంది. క్రాన్ సర్వీస్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి, సరిపోతుంది.

క్రాన్‌టాబ్ (క్రాన్ జాబులు రాసే ఫైల్) పైన జోన్ చెప్పే ‘క్రాన్ అండర్‌స్కోర్ టీజెడ్’ వరుస రాయమనే సలహా మీకూ తగిలే ఉంటుంది. అది ఆల్మా, రాకీ లాంటి రెడ్‌హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లలో పనిచేస్తుంది. ఉబుంటూ, డెబియన్‌లతో వచ్చే మామూలు క్రాన్ దాన్ని పట్టించుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఒట్టి ‘టీజెడ్’ రాస్తే లోపల నడిచే స్క్రిప్ట్‌కి జోన్ మారుతుంది తప్ప, అది మొదలయ్యే టైమ్ మారదు.

జోన్ పేరు దగ్గర ఇంకో గొయ్యి ఉంది. టీజెడ్‌లో ఆసియా/కోల్‌కతా బదులు ఐఎస్‌టీ అని పెడితే లైనక్స్ యూటీసీ టైమే చూపించి, పక్కన ఐఎస్‌టీ అని పేరు తగిలిస్తుంది. లాగ్ చూసినవాళ్లు పూర్తిగా నమ్మేస్తారు.

అదే సర్వర్ మీద వేరే సైట్లు కూడా ఉంటే దాన్ని యూటీసీలోనే వదిలేసి, క్రాన్ బదులు సిస్టమ్‌డీ టైమర్ వాడడం మేలు. అందులో టైమ్ రాసే ఆన్‌క్యాలెండర్ వరుస చివర ఆసియా/కోల్‌కతా అని చేర్చవచ్చు. మళ్లీ ఎప్పుడు నడుస్తుందో సిస్టమ్‌డీ-ఎనలైజ్ క్యాలెండర్ కమాండ్ ముందే చెబుతుంది.

ప్రశ్న: నెల అమ్మకాల రిపోర్టు 1వ తేదీ రాత్రి 12:05కి తయారవ్వాలి. సర్వర్ యూటీసీలో ఉంది. పైగా తెల్లవారుజామున వచ్చిన ఆర్డర్లు ముందురోజు ఖాతాలో పడుతున్నాయి. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ వాడుతున్నాం. – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మన 1వ తేదీ 12:05 అంటే యూటీసీలో ఇంకా ముందు నెల ఆఖరి రోజు, సాయంత్రం 6:35. ‘ఆఖరి రోజు’ అని చెప్పే గుర్తు మామూలు క్రాన్‌లో లేదు. 35 18 28-31 * * అని పెట్టి, స్క్రిప్ట్‌లో భారత తేదీ 1 కాకపోతే ఆపేయండి. ఆ పరీక్ష క్రాన్‌టాబ్ వరుసలోనే రాస్తే శాతం గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లేకపోతే క్రాన్ అక్కడితో కమాండ్ అయిపోయిందనుకుంటుంది.

రెండో చిక్కు డేటాబేస్‌ది. పీహెచ్‌పీలో జోన్ మార్చినా మైఎస్‌క్యూఎల్‌కి తెలియదు. కనెక్ట్ అయిన వెంటనే సెషన్ టైమ్‌జోన్ +05:30 అని పెట్టండి. టైమ్‌స్టాంప్ కాలమ్ అయితే దానంతటదే మన టైమ్‌కి మారి వస్తుంది. డేట్‌టైమ్ కాలమ్ మారదు, ఏది రాస్తే అదే ఉంటుంది. అందులో యూటీసీ దాచి ఉంటే సెప్టెంబర్ రిపోర్టుకి ఆగస్టు 31 18:30 నుంచి, సెప్టెంబర్ 30 18:30కి ముందు వరకు తీసుకోవాలి. అంకెల బదులు ఆసియా/కోల్‌కతా అని పేరు వాడాలంటే ముందుగా మైఎస్‌క్యూఎల్‌లో జోన్ పట్టికలు ఎక్కించి ఉండాలి. లేకపోతే టైమ్ మార్చే కన్వర్ట్_టీజెడ్ ఫంక్షన్ నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది.

ప్రశ్న: విజయవాడ నుంచి డాలస్ పిల్లలకు శనివారాలు సంగీతం క్లాసు. గంట ముందు గుర్తుచేసే మెయిల్ నవంబర్‌లో, మార్చిలో తప్పుతోంది. – ఒక పాఠకురాలు

జవాబు: క్లాసు ఏ ఊరి గడియారం ప్రకారమో ముందు తేల్చుకోండి. డాలస్ ఉదయం 8 గంటలే ఖాయమైతే విజయవాడలో అది ఎండాకాలం సాయంత్రం 6:30, చలికాలం 7:30. డేటాబేస్‌లో ‘శనివారం 8:00, అమెరికా/షికాగో’ అని రెండూ దాచండి. వచ్చే క్లాసు యూటీసీ టైమ్‌ను ప్రతివారం కొత్తగా లెక్కకట్టించండి. ఏడాది క్లాసులన్నీ ఒకే తేడాతో ముందే యూటీసీలోకి మార్చి దాచడం వల్లే మీకీ తిప్పలు. అక్కడ గడియారం 2026 నవంబర్ 1న వెనక్కి, 2027 మార్చి 14న ముందుకు జరుగుతుంది.

మెయిల్ పంపే జాబ్ పావుగంటకోసారి నడవనివ్వండి. గడువు వచ్చినవి పంపి, ‘పంపాం’ అని గుర్తు పెట్టుకుంటే ఒకే మెయిల్ రెండుసార్లు వెళ్లదు. ఫీనిక్స్‌లో చదువుకునే పిల్లలుంటే వాళ్లకు చూపించే టైమ్ అమెరికా/ఫీనిక్స్ జోన్‌తో లెక్కకట్టండి, అక్కడ గడియారం మార్చరు.